మన కార్తెల్లోనే హైకూ

నమస్కారం. నాగర్‌కర్నూల్ దగ్గరి ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నానని, కొంతకాలంగా ప్రకృతి మీదా ఋతువుల మీదా హైకూలు (జపాన్ నుంచి వచ్చిన అతి చిన్న కవితలు) రాస్తున్నానని, అవి హైకూలే కావని మీ మిత్రుడొకరు తేల్చేశారని రాశారు. అయిదు, ఏడు, అయిదు అక్షరాల లెక్క ఎక్కడా తప్పలేదు కదా, మరి లోపం ఎక్కడుంది అన్నది మీ మొదటి ప్రశ్న. ఎండాకాలం తప్ప మరో కాలం సరిగ్గా కనిపించని పాలమూరులో (ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో) ఉండి ఋతువుల మార్పును రాయడం ఎలా అన్నది రెండోది. ఎనిమిదో తరగతి పిల్లల చేత రాయించవచ్చా అన్నది మూడోది. నేను రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. దానికి జవాబు కుదిరితే మొదటి ప్రశ్నలో సగం దానంతటదే విడిపోతుంది.

మీరు ఉదాహరణగా ఇచ్చిన పద్యం ఇది:

వసంత కాలం
కోయిల గానానికి
మది పొంగెను

పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంతమే. కానీ వైశాఖం నాటికి మీ జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, బావులు అడుగంటుతాయి, మధ్యాహ్నం పూట వీధిలో మనిషి కనిపించడు. ఆ రోజుల్లో కూర్చొని 'వసంతం' అని రాసినప్పుడు ఆ మాట మీ కిటికీ అవతలి నుంచి రాలేదు, మీరు చదువుకున్న కావ్యాల నుంచి వచ్చింది. ఆరు ఋతువుల విభజనను నేను తప్పుపట్టడం లేదు. ప్రబంధ కవికి అది తగిన చట్రం. హైకూకు మాత్రం రెండు నెలల ఋతువు మరీ వెడల్పైపోతుంది, ఎందుకంటే ఈ మూడు పాదాల్లో పట్టేది ఒక పూట, ఒక చోటు, అక్కడ జరిగిన ఒక చిన్న మార్పు మాత్రమే. అంత సన్నని కాలాన్ని కొలిచే పద్ధతి మన రైతుల దగ్గర ఎప్పటి నుంచో ఉంది. కార్తెల లెక్కనే నేను చెబుతున్నాను.

సూర్యుడు ఏడాదిలో 27 నక్షత్రాలను దాటే లెక్కన ఒక్కో కార్తె 13 లేదా 14 రోజులు ఉంటుంది. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర ప్రవేశిస్తాయి. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. మృగశిర చిందిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందంటారు. మృగశిర ప్రవేశించిన నాడు మీ ఊళ్ళో చేపల కూర వండని ఇల్లు వెతికితే గాని దొరకదు, చేపలు తినని వాళ్ళు ఇంగువ, బెల్లం కలిపి నోట్లో వేసుకుంటారు. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అన్న సామెతలో, సెప్టెంబరు నడుమ దాకా ఎదురుచూసి వాన మీద ఆశ వదులుకొని ఊరు విడిచే కుటుంబం కథంతా ఉంది. ఒక్కొక్క పక్షానికి ఒక స్వభావం, ఒక తిండి, ఒక పని, ఒక భయం ఉన్న నేల మీది. అక్కడ ఋతువులు లేవని ఎలా అనుకోగలం? అవి పాఠ్యపుస్తకంలోని ఆరు పేర్లలో ఇమడనంత నిశితంగా ఉన్నాయి, అంతే.

జపాన్ వాళ్ళకు కూడా ఇటువంటి సర్దుబాటు తప్పలేదు. ఏడాదిని 24 భాగాలుగా, ఒక్కో భాగాన్ని మళ్ళీ మూడేసిగా, మొత్తం అయిదేసి రోజుల 72 ముక్కలుగా విభజించే పద్ధతి చైనా నుంచి అక్కడికి వెళ్ళింది. ఆ ముక్కలకు చైనాలో పెట్టిన పేర్లు, అంటే ఫలానా పువ్వు పూసే రోజులు, ఫలానా పక్షి వచ్చే రోజులు వంటివి, జపాన్ వాతావరణంతో కలవలేదు. 1685లో షిబుకావా షుంకాయ్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆ పేర్లను తమ నేలకు సరిపోయేలా తిరగరాశాడు. కొలిచే పద్ధతిని అరువు తెచ్చుకున్నా, కొలవవలసిన పువ్వును, పక్షిని తమ ఊళ్ళోనే వెతుక్కున్నారన్న మాట. చెర్రీ పూలూ మంచు తెరలూ నింపి తెలుగులో హైకూ రాసే వాళ్ళు ఈ సంగతి గమనించాలని నా కోరిక.

జపాన్ హైకూలో ఋతువును తెలిపే మాటను 'కిగో' అంటారు. అటువంటి మాటలను వర్గాలుగా కూర్చిన గ్రంథాన్ని 'సైజికి' అంటారు. అక్కడి సంప్రదాయంలో కప్ప అంటే వసంతం, తూనీగ అంటే శరత్తు. చంద్రుడు ఏడాది పొడవునా ఉన్నా, మరే విశేషణమూ లేకుండా చంద్రుడు అంటే శరత్కాలపు చంద్రుడనే పాఠకుడు తీసుకుంటాడు. అందువల్ల కవి ఋతువు పేరు ఎత్తనవసరం లేదు, ఒక్క ప్రాణినో వస్తువునో పేర్కొంటే ఆ కాలపు గాలి, వెలుతురు, వాసన దాని వెంట వచ్చేస్తాయి. కవులూ పాఠకులూ తరతరాలుగా కుదుర్చుకున్న ఒప్పందం ఇది. మన దగ్గర గ్రంథం లేకపోయినా ఒప్పందం ఉంది. తంగేడు అనగానే మీ విద్యార్థులకు బతుకమ్మ గుర్తొస్తుంది, పాలపిట్ట అనగానే దసరా గుర్తొస్తుంది. ఈ మాటలకు మీరు వివరణ రాయనక్కరలేదు.

సైజికిలో మాటలను స్థూలంగా కాలం, ఆకాశం, నేల, మనుషుల బతుకు, పండుగలు, జంతువులు, మొక్కలు అని ఏడు వర్గాలుగా పెడతారు. మీరు ఒక నోటుపుస్తకంలో ఇవే శీర్షికలు రాసుకొని మీ చుట్టూ ఉన్నవాటితో నింపడం మొదలుపెట్టండి. ఆకాశం కింద మొగులు, ముసురు, గాలిదుమారం, రాళ్ళవాన వస్తాయి. నేల కింద నెర్రెలు బాసిన చెరువు, అలుగు పారే చెరువు రెండూ వస్తాయి. శ్రీశైలం జలాశయం తగ్గినప్పుడు సోమశిలకు ఆవలి ఒడ్డున నీళ్ళలోంచి బయటపడే సంగమేశ్వరాలయం కూడా వస్తుంది. ఎండాకాలం ముదిరే కొద్దీ శిఖరం నుంచి పునాది దాకా కనిపించి, వరద రాగానే మళ్ళీ మునిగిపోయే ఆ గుడి కన్నా స్పష్టమైన ఋతుసూచిక నాకు తెలిసి ఏ సైజికిలోనూ ఉండదు. పండుగల కింద తొలి ఏకాదశి పేలపిండి, బోనాలు, దసరా నాడు చేతులు మారే జమ్మి ఆకు, కార్తీకంలో కురుమూర్తి జాతర, మాఘంలో నల్గొండ దగ్గరి చెరువుగట్టు జాతర ఉన్నాయి. మొక్కల కింద అయితే పుస్తకంలో చోటు చాలదు. నల్గొండ తోటల్లో బత్తాయి పూత వాసన, ఎండల్లో ముంజలు, నల్లమలలో తెల్లవారకముందే రాలే ఇప్పపూలు, వానలు వెనకబట్టాక గుట్టల మీద విచ్చే సీతాఫలం. బాలానగర్ పేరుతో దేశమంతా తెలిసిన సీతాఫలం రకం మీ ఉమ్మడి జిల్లాదే.

జంతువుల వర్గం నుంచి ఒక్కదాన్ని దగ్గరగా చూద్దాం. తొలి వానలు పడి ఎర్రనేల మెత్తబడినప్పుడు మఖమల్ గుడ్డ ముక్కలాంటి ఎర్రటి పురుగు బయటికి వస్తుంది. ఆరుద్ర పురుగని కార్తె పేరే దానికి పెట్టారు. ముట్టుకుంటే కాళ్ళు లోపలికి ముడుచుకొని గింజలా ఉండిపోతుంది. కాసేపు కదలకుండా ఉంటే మళ్ళీ కాళ్ళు చాపి నడక సాగిస్తుంది. పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. దీన్ని నేను ఇలా రాశాను:

ఆరుద్ర పురుగు —
కాళ్ళు చాపేదాకా
కదలని చెయ్యి

ఇందులో వాన అన్న మాట లేదు, తడి మట్టి అన్న మాట లేదు, పసితనం అన్న మాట అసలే లేదు. మొదటి పాదం వాటిని మోసుకొస్తుంది కనుక మిగిలిన రెండు పాదాలూ చూసిన దాన్ని చెప్పడానికి ఖాళీగా దొరికాయి. ఋతుసూచిక వల్ల కలిగే లాభం ఇదే. అలంకారం కోసం దాన్ని పెడితే ఈ లాభం పోతుంది.

ఇప్పుడు మీ కోయిల దగ్గరికి వస్తాను. కోయిల మీద రాయకూడదని ఎవరైనా అంటే వినకండి. జపాన్ కవి బషో (1644–1694) 1686లో రాసిన కప్ప హైకూను మీరు చదివే ఉంటారు. అందులో ఉన్నది ఒక పాత కొలను, కప్ప దూకడం, నీళ్ళ చప్పుడు, అంతకు మించి ఏమీ లేదు. అంతకు ముందు జపాన్ కవిత్వంలో కప్పను తలచేది ప్రధానంగా దాని అరుపు కోసం. బషో దాని గొంతును పక్కనపెట్టి, అది నీళ్ళలో పడిన చప్పుడును పద్యంలోకి తెచ్చాడు. కప్ప పాతదే, చెవి మాత్రం కొత్తది. మన కోయిల కూడా కొన్ని వందల ఏళ్ళుగా పాడుతూనే ఉంది. అది పాడనప్పుడు ఏం చేస్తుందో మీరు చూశారా? మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రి కింద ఎండాకాలం ఒక ఉదయం గడిపితే, పండిన మర్రికాయల కోసం కొమ్మల్లో తచ్చాడే కోయిలలు కనిపిస్తాయి.

మర్రి పండు —
కోయిల నోట్లో
పాట లేదు

ఇది గొప్ప హైకూ అని నేను చెప్పను. కానీ మీ పద్యానికీ దీనికీ ఉన్న తేడా చూడండి. మీ పద్యంలో కోయిల ఎక్కడుందో, ఏ చెట్టు మీద ఉందో, ఏ వేళప్పుడో తెలియదు. మూడో పాదం మీ మనసు సంగతి చెబుతుంది, కోయిల సంగతి చెప్పదు. పాఠకుడికి మీ మది పొంగిందన్న వార్త అందుతుంది, అతని మది పొంగడానికి కావలసిన సామగ్రి అందదు. బషో తన శిష్యులకు పైన్ చెట్టు గురించి పైన్ చెట్టు దగ్గరే నేర్చుకోండి, వెదురు గురించి వెదురు దగ్గరే నేర్చుకోండి అని చెప్పేవాడట. పాలమూరులో ఉన్నవాళ్ళం తుమ్మ గురించి తుమ్మ దగ్గర, తాటి గురించి తాటి దగ్గర నేర్చుకోవాలి.

మీ ఉత్తరం చివర, పద్యాలతో సంబంధం లేకుండా, ఒక మాట రాశారు. మొన్న కల్వకుర్తి నుంచి వస్తుంటే దారి పొడవునా మోదుగలు విరగబూసి ఉన్నాయని, నడుమ బస్సు చెడిపోయి అరగంట వాటి దగ్గరే నిలబడ్డామని, తలదాచుకోవడానికి ఇంత నీడ కూడా లేకపోయిందని. మీరు పంపిన పద్యాలన్నిటికన్నా హైకూకు దగ్గరగా ఉన్నది ఈ వాక్యమే. దీన్నే పట్టుకొని ఎలా ముందుకు వెళ్ళవచ్చో చూపిస్తాను. మామూలుగా మన చేతికి మొదట వచ్చే రూపం ఇలా ఉంటుంది:

అడవికి నిప్పంటినట్టు
మోదుగలు పూసెను
ఎంత అందమో

మోదుగపూలను నిప్పుతో పోల్చడం ఎంత పాతదంటే, ఆ పోలిక వినగానే పాఠకుడు చెట్టు వైపు చూడటం మానేసి తలాడిస్తాడు. పైగా నిప్పు వచ్చి పువ్వును కప్పేసింది. మోదుగ మొగ్గకు ముదురు రంగు మఖమల్ తొడుగు ఉంటుందని, పూవు చిలుక ముక్కులా వంపు తిరిగి ఉంటుందని, వాసన ఉండదని, పూసే వేళకు చెట్టు మీద ఆకు దాదాపు ఉండదని మనం చూడకుండా ఈ పోలిక అడ్డుపడుతుంది. 'ఎంత అందమో' అన్నది పాఠకుడు అనవలసిన మాట, దాన్ని మనమే అనేశాం. ఇవి రెండూ తీసేసి జరిగినదాన్ని రాద్దాం:

మోదుగలు పూసిన దారిలో
చెడిపోయిన బస్సు పక్కన
నిలబడ్డ మేము

ఇది ముందుదానికన్నా నిజాయితీగా ఉంది. అయితే మూడు పాదాలూ ఒకే తాటికి కట్టుకొని ఒకే నామవాచకం మీద వచ్చి ఆగాయి. ఎక్కడా విరుపు లేదు, పాఠకుడు ఆగి ఆలోచించడానికి చోటు లేదు. పైగా మీ వాక్యంలోని అసలు ప్రాణం, అంటే నీడ లేకపోవడం, ఇందులోకి రాలేదు. పూసి ఉన్నందువల్లనే ఆ చెట్టుకు ఆకులు లేవు, ఆకులు లేనందువల్లనే మీకు నీడ దొరకలేదు. కళ్ళకు పండుగ, తలకు ఎండ, రెండూ ఒకే చెట్టు వల్ల కలిగాయి.

ఆగిన బస్సు —
పూసిన మోదుగ కింద
నీడ లేదు

నేనైతే ఇక్కడ ఆగుతాను. ఫాల్గుణం అని రాయలేదు, ఎండ అని రాయలేదు, ఆకులు రాలాయని కూడా రాయలేదు. మోదుగను ఎరిగిన పాఠకుడు ఇవన్నీ తానే కూర్చుకుంటాడు. ఎరగని పాఠకుడికి, పూసిన చెట్టు కింద నీడ ఎందుకు లేదన్న చిన్న ఆశ్చర్యం మిగులుతుంది. అది కూడా మంచిదే.

విరుపు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగులో హైకూ రాసేవాళ్ళకు అన్నిటికన్నా ఎక్కువ చిక్కు వచ్చేది ఇక్కడే. జపాన్ హైకూలో 'యా', 'కానా', 'కేరి' వంటి చిన్న మాటలు పద్యాన్ని ఒకచోట తెంచుతాయి. వీటిని 'కిరేజి' అంటారు. కప్ప హైకూలో 'పాత కొలను' అన్న తర్వాత వచ్చే 'యా' అటువంటిదే. అది వచ్చిన చోట చదివేవాడి ఊపిరి ఆగుతుంది, ఒక దృశ్యం అక్కడ నిలబడుతుంది, రెండో దృశ్యం దాని పక్కన వచ్చి చేరుతుంది. ఆ రెండింటికీ సంబంధం ఏమిటో కవి చెప్పడు. మన భాష స్వభావం దీనికి కొంత అడ్డు. '-ఇన', '-తున్న', '-తూ' వంటి ప్రత్యయాలతో ఎన్ని క్రియలనైనా ఒకదాని వెనక ఒకటి చేర్చి ఒకే వాక్యంగా అల్లేయగలం. 'తెల్లవారుజామున కంది చేలో ఎగిరిన పిట్ట కదిపిన రెమ్మ' అంటే వినడానికి సాఫీగానే ఉంటుంది, కానీ అంతా ఒకే ముక్క. దాన్ని విడగొడితే ఇలా అవుతుంది:

కంది పూత —
పిట్ట ఎగిరిన రెమ్మ
ఇంకా ఊగుతూ

ఇదే భాష మనకు ఒక గొప్ప వెసులుబాటు కూడా ఇచ్చింది. క్రియ లేకుండా ఉత్త నామవాచకంతో పూర్తి అర్థం వచ్చేలా మాట్లాడటం మనకు సహజం. 'కంది పూత' అని ఆగితే అసంపూర్తిగా అనిపించదు. మొదటి పాదంలో నామవాచకాన్ని ఒంటరిగా నిలబెట్టి, చిన్న గీత గీసి, మిగతా రెండు పాదాలనూ ఒక ఊపిరిలో చదివేలా రాయండి. కొన్నిసార్లు విరుపు రెండో పాదం చివర రావచ్చు. రెండు చోట్ల వస్తే మాత్రం మూడు పాదాలూ మూడు ముక్కలై సరుకుల చీటీ అవుతుంది.

అక్షరాల లెక్క ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పడం తేలిక. జపాన్ వాళ్ళు 5-7-5గా లెక్కపెట్టేది మన అక్షరాన్ని కాదు. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు, పదం మధ్యలోనో చివరనో వచ్చే నకారపు పొల్లుకు ఒకటి చొప్పున వాళ్ళు లెక్కిస్తారు. మీరు తరగతిలో లఘువుకు ఒకటి, గురువుకు రెండు అని చెప్పే మాత్రకు ఇది చాలా దగ్గర. 'టోక్యో' మన అక్షరాల్లో రెండే, వాళ్ళ లెక్కలో నాలుగు, మన మాత్రల్లోనూ నాలుగే. ఇప్పుడు ఈ పద్యం చూడండి:

రోహిణి ఎండ
నల్లా కింది తడిలో
కుక్క కడుపు

అక్షరాలు సరిగ్గా 5-7-5. మాత్రలు లెక్కపెడితే 7, 11, 6, మొత్తం 24. అంటే అక్షరాల లెక్కన నిండుగా రాసిన తెలుగు హైకూ జపాన్ హైకూ కన్నా పొడవైనదే అవుతుంది. మాత్రలను 17కు దించితే తెలుగులో నాలుగైదు మాటలకు మించి పట్టవు. కాబట్టి ఏ లెక్కా మనకు అచ్చంగా అతకదు. ఒకటి రెండు అటూ ఇటూ అయినా 12 నుంచి 17 అక్షరాలతో, వీలైతే నడిమి పాదం కొంచెం పొడవుగా, ఒక్క ఊపిరిలో చదవగలిగేలా ఉంటే చాలునని నా అభిప్రాయం. మోదుగ పద్యంలో అక్షరాలు 5-8-4గా పడ్డాయి. ఒక అక్షరాన్ని అటునుంచి ఇటు మార్చడానికి మాటను విరిచే పని నేను పెట్టుకోను. మీ పద్యంలో 'మది పొంగెను' అన్న పాదం లెక్క కోసమే అలా తయారైంది. మాట్లాడేటప్పుడు మనలో ఎవరూ మది అనరు, పొంగెను అనరు. లెక్క కుదరడం కోసం నోటికి రాని మాట వాడవలసి వస్తే లెక్కనే వదలండి. మూడు పాదాలుగా విడగొట్టడం కూడా జపాన్‌లో నియమం కాదు, అక్కడ హైకూను సాధారణంగా నిలువుగా ఒకే వరుసలో అచ్చువేస్తారు.

మీరు పంపిన వాటిలో రెండు పద్యాలు చివర్లో చురక అంటించి ముగిశాయి. అవి బాగున్నాయి, కానీ నానీలకు దగ్గరగా ఉన్నాయి. భువనగిరిలో పుట్టిన ఆచార్య ఎన్. గోపి రూపొందించిన నానీకి నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు ఉంటాయి, చివరి పాదాల్లో ఒక మలుపో వ్యాఖ్యో రావడం దానికి అందం. హైకూ వ్యాఖ్య దగ్గరికి పోకుండా దృశ్యం దగ్గరే ఆగుతుంది. ఆ రెండు పద్యాలనూ నానీలుగా మార్చి చూడండి, ఇంకా పదునెక్కుతాయి.

ప్రకృతి అంటే మనుషులు లేని చోటు అన్న అభిప్రాయం మీ పద్యాలన్నిటిలోనూ కనిపించింది. ఒక్కదానిలోనూ మనిషి లేడు, ఇల్లు లేదు, బండి లేదు. పైన చెప్పిన ఏడు వర్గాల్లో మనుషుల బతుకు ఒకటన్నది మరచిపోవద్దు. దుక్కి దున్నడం, పత్తి ఏరడం, కొత్త రంజన్‌లో నీళ్ళు నింపడం, అలుగు పారుతుంటే రోడ్డుకు రెండు వైపులా మోటారుసైకిళ్ళు ఆగిపోవడం, ఇవన్నీ ఋతువులే. జపాన్ సంప్రదాయంలో అడవి బాతులు రావడం శరత్తుకు గుర్తు, తిరిగి వెళ్ళడం వసంతానికి గుర్తు. పాలమూరులో పంటపని అయిపోయాక బతుకుదెరువుకు పట్నాలకు వెళ్ళడం, వానలకు మళ్ళీ ఊరు చేరడం కూడా అంత నిక్కచ్చిగా ఏడాదిని రెండుగా కోస్తాయి. దీని మీద రాసేటప్పుడు జాలి మాటలు దూరంగా పెట్టాలి. ఆకలి, కన్నీరు, వలస అన్న మాటలు రాసిన మరుక్షణం పద్యం ఉపన్యాసమవుతుంది. కళ్ళకు కనిపించేదే చాలు:

తాళం వేసిన ఇల్లు —
పక్కింటామె వేసిన
సంక్రాంతి ముగ్గు

ఇక పిల్లల సంగతి. ఎనిమిదో తరగతి పిల్లలు తప్పకుండా రాయగలరు. పెద్దలకన్నా త్వరగా అందుకుంటారు కూడా, ఎందుకంటే కావ్యభాష ఇంకా వాళ్ళ చేతికి అంటలేదు. మొదటి రోజు హైకూ అన్న మాట ఎత్తకండి. బడి ఆవరణలోకి పంపి, ఒక్కొక్కరు ఒకే చోట కాసేపు నిలబడి, చూసిన ఒక్క సంగతిని మామూలు వాక్యంగా రాసి తెమ్మనండి. అందం, ఆనందం, మనసు, ప్రకృతి అన్న నాలుగు మాటలూ, 'లాగా', 'వలె' అన్న పోలికలూ వాడకూడదని ముందే చెప్పండి. వాళ్ళు తెచ్చిన వాక్యాల్లోంచి ఏది కార్తెను పట్టిస్తుందో తరగతి అంతా కలిసి వెతకండి. ఆ తర్వాతే వాక్యాన్ని విరిచి మూడు పాదాలు చేయడం చూపించండి. 'మొగులైంది' అని రాసిన పిల్లవాడి చేత 'మేఘావృతమైనది' అని దిద్దించకండి. ఆ మాటలోనే వాళ్ళ ఊరి ఆకాశం ఉంది.

జపాన్‌లో హైకూ రాసేవాళ్ళు 'కుకాయ్' అనే సమావేశం పెట్టుకుంటారు. పేర్లు లేకుండా పద్యాలను చీటీల మీద సేకరించి, కలిపేసి, ఎవరిదో తెలియకుండానే అందరూ తమకు నచ్చినవి ఎంచుకుంటారు. ఎంపిక అయ్యాకే రాసినవాళ్ళు పేరు చెబుతారు. మీ తరగతికి ఇది చక్కగా పనికొస్తుంది. నోరు మెదపని పిల్ల రాసిన పద్యానికి ఎక్కువ మంది చేతులెత్తితే, ఆ రోజు నుంచి ఆమె రాయడం ఆపదు.

ఇంటి పట్టునే ఉండే పిల్లలు, ఎక్కడికీ తీసుకెళ్ళే వాళ్ళు లేని పిల్లలు ఏం రాస్తారన్న సందేహం మీకు రావచ్చు. హైకూ అన్న పేరును స్థిరపరచిన జపాన్ కవి షికి (1867–1902) క్షయ వెన్నుకు పాకి చివరి సంవత్సరాలు మంచం మీదే గడిపాడు. 1900లో తన పెరట్లోని కోడిజుట్టు పూల మీద ఆయన రాసిన హైకూలో, అవి ఓ పద్నాలుగో పదిహేనో ఉండవచ్చు అన్న మాట తప్ప మరేమీ లేదు. దాని విలువ మీద అక్కడి విమర్శకులు చాలాకాలం వాదించుకున్నారు. ఆ పువ్వు మన గునుగుకు దగ్గరి చుట్టం. గునుగు ప్రతి చేనుగట్టు మీదా దొరుకుతుంది, బతుకమ్మ కోసం పిల్లలే కోసుకొస్తారు. ఎంగిలిపూల నాటికి (బతుకమ్మ మొదటి రోజుకు) ముందు వారం ఈ పద్యం చెప్పి, తాము కోసిన గునుగు గురించి రాయమంటే ఏం వస్తుందో చూడాలని నాకు ఎంతో ఆసక్తిగా ఉంది.

ఏడు శీర్షికలతో పెద్ద కాగితం ఒకటి తరగతి గోడకు అంటించి, కార్తె మారినప్పుడల్లా పిల్లల చేతనే కొత్త మాటలు చేర్పించండి. ఏ మాట ఏ తేదీన కనిపించిందో పక్కన రాయించండి. మోదుగ ఈ ఏడు ఎప్పుడు పూసింది, అలుగు ఎప్పుడు పారింది, మొదటి సీతాఫలం ఎప్పుడు అమ్మకానికి వచ్చింది అన్న వివరాలు రెండేళ్ళు చేరితే, అది మీ ఊరి సైజికి అవుతుంది. మీరు మాత్రం ఈ వారం మోదుగ పద్యాన్ని పక్కనపెట్టి, అదే దారిలో అదే అరగంటలో చూసిన మరో సంగతి మీద సొంతంగా ఒకటి రాయండి. రాసింది దిద్దకముందే, మొదటి రూపంలోనే ఇక్కడ పెట్టండి. ఎక్కడ విరవాలో అప్పుడు కలిసి చూద్దాం.